పత్తి మూటల జీపులో పారాచూట్ సంచి

పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో మంచిర్యాల బస్సెక్కాం, నేనూ నా భార్య సులోచనా. పటాలంలో పారాచూట్‌తో దూకడం నేర్చినవాణ్ని. ఈసారి విమానం లేదు, తిర్యాణి వైపు ఒక గుట్ట కొమ్ము నుంచి దూకాలి. ఎత్తు నాలుగు తాటిచెట్లంత. వీపు మీది సంచి వెంటనే తెరుచుకోకపోతే ఇక ఇంటికి రావడం ఉండదు. నేను దూకేటప్పుడు, పెద్దదాన్ని బయటికి లాగే చిన్న పారాచూట్‌ను చేత్తో పట్టుకుని పైన నిలబడేది సులోచనే. దాని పట్టీయే సంచి మూతను లాగి తెరుస్తుంది.

పారాచూట్ ఒకటే, సంచులు రెండు. ఒకదాని మూత, నొక్కితే అంటుకుని లాగితే చర్రున ఊడే వెల్క్రో పట్టీతో మూసుకుంటుంది. రెండోదాని మూతను దారపు ఉచ్చులో దూర్చిన పిన్ పట్టి ఉంచుతుంది. పిన్ ఇరుక్కుంటే చావే, వెల్క్రో అయితే సుళువుగా ఊడుతుందని దారి పొడుగునా చెప్పాను. మరి రెండోది ఎందుకు మోసుకొస్తున్నావని సులోచన అడిగింది.

మంచిర్యాలలో బస్సు మారి, బెల్లంపల్లిలో దిగి పూరీ తిన్నాం. అటు వెళ్లేవాళ్లు అక్కడే తినండి, ముందు ఏమీ దొరకదు. అక్కణ్ణించి జీపు. పత్తి తీసే కాలం, మనుషులకన్నా మూటలే ఎక్కువ. డ్రైవరు నా సంచుల్ని వాటి మీద పడేశాడు. పక్కనున్న పెద్దావిడ ఏముందని అడిగితే గొడుగన్నాను.

"గింత పెద్ద గొడుగా? ఊరందరికీ పడుతదేమో," అని నవ్వింది.

గుట్ట ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నం. సులోచన నడుముకు తాడు వేసి చెట్టుకు కట్టాను. వెల్క్రో సంచి తగిలించుకుని బూటు లేసు కోసం వంగానో లేదో, వీపు మీద చర్రుమంది. మూత సగం ఊడింది. వెల్క్రో నిండా పత్తి పీచు! పిన్నీసుతో ఎంత పీకినా పోలేదు. నొక్కితే అంటుకుంటోంది, వంగితే ఊడుతోంది. అంచు మీద గాలికి ముందే తెరుచుకుంటే పారాచూట్ నన్ను బండకేసి కొడుతుంది. దిగిపోదామన్నాను.

"ఇయ్యాల దిగితే రేపు నాకు చెప్పకుంట ఒక్కనివే వస్తవు," అంది సులోచన. "గప్పుడు పైన ఎవరు పట్టుకుంటరు? పిన్నుదాంట్ల సర్దు."

పారాచూట్‌ను మళ్లీ మడిచి సర్దాను. ఉచ్చు బిగువు సరిచూశాను. సులోచన చిటికెన వేలితో పిన్ లాగి చూసింది, జారింది. మళ్లీ లాగింది, మళ్లీ జారింది. అప్పుడుగానీ చిన్న పారాచూట్ చేతిలోకి తీసుకోలేదు.

దూకాను. అంతలో భుజాలు ఝాడించినట్టయి, పైన గుడ్డ విచ్చుకుంది. కోత కోసిన చేలో మోకాళ్ల మీద పడ్డాను. బతికాను అనుకున్నాను, పైకే అన్నాను.

సులోచన దిగి వచ్చేసరికి ఆమె కుడి అరచేతిలో పట్టీ ఒరుసుకుని అడ్డంగా తోలు లేచి ఉంది. తాళ్లు సాగగానే వదిలేయమని చెప్పాను కదా అంటే, గుడ్డ విచ్చుకున్నది కళ్లారా చూశాకే వదిలానంది.

తక్కువ ఎత్తుకు పిన్నే మేలు, వేలితో లాగితే జారేలా ఉంటేనే సుమా. పత్తి కాలంలో ఆ దారిన వెల్క్రో తీసుకెళ్లేవాళ్లు గుడ్డ చుట్టి మోయండి.

మంచిర్యాల నుంచి సాయంత్రం బస్సు. గోదావరి వంతెన దాటాక చూసుకుంటే, సులోచన ఎడమ చెయ్యి నా చొక్కా అంచును పిడికిట్లో పట్టుకునే ఉంది.

"ఇగ ఇడువు, అయిపాయె గదా," అన్నాను.

"ఇల్లు రానీ," అంది.