సుంకులమ్మ గంప, కాంగో ఫాదరు

నా చిన్నప్పుడు కాంగో అంటే బళ్లారికి కాస్త అవతల ఉంటుందనుకునేదాన్ని. మా బెళుగుప్ప వైపు పల్లెల నుంచి కూలికి పోయినవాళ్లు బళ్లారి దాటి పోయేవాళ్లు కాదు మరి, నా లోకం అక్కడితో సరి. ఆ కాంగో నుంచి మా మిషన్‌కు ఒక ముసలి తెల్ల ఫాదరు వచ్చాడు. అక్కడ తెల్లదొరల రాజ్యం పోయిందట, అందుకని ఈయనను ఇక్కడికి పంపారట. ఎండకు కమిలిన మనిషి, మాట తక్కువ. మన భాష ఒక్క ముక్క రాదు. ఆయన ఇంగ్లీషులో చెబితే మా ఉపదేశి తెలుగులో చెప్పేవాడు. ఉపదేశి అంటే ఫాదరు లేనప్పుడు ప్రార్థన చేయించే మనిషి, పిల్లలకు జపాలు నేర్పే మనిషి. నాకు పెదనాయన వరుస. నాకు అ ఆలు దిద్దించింది కూడా ఆయనే.

మా ఇంట్లో అందరం జ్ఞానస్నానం పొందినవాళ్లమే. వానలు మొహం చాటేసిన ఏండ్లలో మిషన్ వాళ్లు పాలపొడి, గోధుమ రవ్వ పంచారు. దానికోసమే మతం మారామని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. అవునో కాదో నాకు తెలియదు. కడుపు కాలుతున్నప్పుడు గంజి పోసిన చేతిని ఎందుకు పోశావని ఎవరడుగుతారు? మా అవ్వ కూడా నెత్తిన నీళ్లు పోయించుకుంది, కొత్త పేరు పెట్టించుకుంది. కానీ అటక మీద, వెదురు గంపలో, పసుపు గుడ్డ కింద మా పాత ఇలవేలుపు సుంకులమ్మను మాత్రం అట్లాగే దాచుకుంది. వేపకొయ్యతో చెక్కిన ముఖం అది. మా నాయన పసివాడుగా ఉన్నప్పుడు ఒళ్లంతా అమ్మవారు పోసి చావుబతుకుల్లో ఉంటే, అవ్వ ఆ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా జోగెత్తి, అమ్మవారి పేర అడుక్కుని, బతికించుకుందట. గంప ఇల్లు దాటితే కొడుకు దక్కడని ఆమె భయం. ఎవరెంత చెప్పినా ఆ భయం పోలేదు.

ఆ ఏడు నన్ను మిషన్ బోర్డింగులో చేర్పించాలని నాయన పట్టుదల. సరిగ్గా అప్పుడే, ఒక మంగళవారం, అవ్వ గంపకు సాంబ్రాణి వేస్తుండగా ఉపదేశి మా గుమ్మంలోకి వచ్చాడు. కోప్పడలేదు. గంప ఉన్న ఇంటి పిల్లకు బోర్డింగులో చోటు ఇమ్మని ఏ ముఖంతో అడగను అన్నాడు, అంతే. మా పేటలో ఇంకా కొందరి ఇండ్లలో ఇట్లాంటివి ఉన్నాయని ఆయనకు తెలుసు. వచ్చే ఆదివారం పూజ అయ్యాక అన్నీ చర్చి ముందరికి తెచ్చి, కొత్త ఫాదరు కళ్లెదుట కాల్చేయాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

ఆ వారం మా ఇంట్లో పొయ్యి వెలిగిందే గానీ అవ్వ గొంతులోకి సంగటి ముద్ద దిగలేదు. నాయనను చూసేది, నన్ను చూసేది. నాయన మాత్రం నాకేమీ కాదులే అమ్మా, పిల్ల చదువు చూడు అన్నాడు. ఒక చేతిలో కొడుకు, ఒక చేతిలో మనవరాలు, ఆమె ఏం చేస్తుంది పాపం! నాకేమో బోర్డింగులో గౌన్లు కుట్టిస్తారన్న సంగతి తప్ప ఇంకేదీ తలకెక్కలేదు.

ఆదివారం చర్చి ముందర కందికట్టె పేర్చి నిప్పు పెట్టారు. ఫాదరు బయటికి వచ్చి చూసి, ఇదేమిటని ఉపదేశిని అడిగాడు. సంగతి విన్నాక ఆయన ముఖం వాడిపోయింది. మెట్ల మీద నిలబడి మా అందరినీ చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాంగో అన్న మాట ఒక్కటే నాకు అందింది. చర్చి కాంపౌండు గోడ అవతల ఊరి పెద్ద రైతులు నిలబడి తమాషా చూస్తున్నారు. ఉపదేశి వాళ్ల వైపు ఒకసారి చూశాడు, మా వైపు తిరిగాడు.

"ఫాదరు ఏమంటాండాడంటే, ఆ దేశంలో ఒక ముసిలామె తన బొమ్మల్ని సంతోషంగా తెచ్చి మంటలో ఏసిందంట. మీరూ అట్లే ఏయండి" అన్నాడు.

ఆయన చాంతాడంత చెబితే ఈయన రెండు ముక్కల్లో తేల్చేశాడే అని నాకు అప్పుడే అనిపించింది. పెద్దవాళ్లకు అనిపించలేదో, అనిపించినా ఊరుకున్నారో!

అందరికంటే ముందు మా అవ్వే కదిలింది. గంపను ఒకసారి గుండెకు ఆనించుకుని మంటలో పెట్టింది. పెట్టి, నాయన చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. పసుపు గుడ్డ భగ్గుమంది. అంతే, ఫాదరు మెట్లు దిగి పరుగున వచ్చి, ఉత్త చేతులతో మంటలోంచి ఆ కొయ్య ముఖాన్ని లాగేశాడు. ఒక చెంప నల్లబడింది దానికి. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. కళ్లలో నీళ్లు.

నాకు మతి పోయింది. కాల్చమన్నవాడే కాల్చుకున్నాడేమిటి? మా అవ్వ ఆయనను ఎగాదిగా చూసింది.

"ఏమి సామీ, కాల్చమనిందీ నువ్వే, తీసిందీ నువ్వే. నేనేం జేయాల చెప్పు" అంది.

ఆ మాటను ఉపదేశి ఇంగ్లీషులో చెప్పలేదు, తల దించుకున్నాడు. అవ్వ ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. గోడ వారనున్న కలబంద విరిచి ఫాదరు చేతులకు గుజ్జు పూసింది, ఆ కొయ్య ముఖాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి వచ్చేసింది. మిగిలినవాళ్లు తెచ్చినవి తెచ్చినట్టే పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున చేతులకు కట్లతో ఫాదరు మా ఇంటికి వచ్చాడు. వెంట మిషన్ ఆసుపత్రి సిస్టరమ్మ ఉంది. ఆమె కేరళ మనిషి, ఇంగ్లీషు తెలుసు, మన మాట నెమ్మదిగా వెతుక్కుంటూ మాట్లాడేది. ఫాదరు నిన్న నిజంగా ఏం చెప్పాడో అప్పుడు విన్నాం. కాంగోలో ఒక ముసలామెకు కవల పిల్లలు పుట్టి చనిపోయారట. వాళ్లకు గుర్తుగా చెక్కించుకున్న కొయ్యబొమ్మలకు రోజూ ఇంత గంజి పెట్టుకునేదట. వయసులో ఉన్న ఈ ఫాదరు వాటిని మంటలో వేయించాడట. ఆమె ఏదో అంటుంటే, సంతోషంగా ఇస్తోందని అక్కడి ఉపదేశి చెప్పాడట. ఏండ్లు గడిచి ఆ భాష నేర్చుకున్నాక గానీ, ఆవేళ ఆమె తనను బతిమాలిందని ఈయనకు తెలియలేదట. ఇక్కడ అట్లాంటి పని వద్దని చెప్పడానికే నిన్న నోరు తెరిచాడట.

ఉపదేశి గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. "నలుగురిలో ఫాదరే తప్పు చేసినానంటే, గోడ అవతల నగేటోళ్లకు మన మొగం ఎట్ల సూపిచ్చేది చిన్నమ్మా?" అన్నాడు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. తర్వాత నాకు చోటు దొరికితే, బోర్డింగుకు నా పెట్టె తన నెత్తిన మోసుకొచ్చింది కూడా ఆయనే.

మా అవ్వ ఆయనను పల్లెత్తు మాట అనలేదు. ఫాదరు వైపు తిరిగి, ఆ ముసలామె తర్వాత ఏమైందని అడిగింది. ప్రతి ఆదివారం చర్చికి వచ్చి ముందు వరుసలో కూర్చునేదని సిస్టరమ్మ చెప్పింది.

"ఎందుకొచ్చేదో అడిగినావా సామీ?"

ఫాదరు లేదన్నట్టు తల ఊపాడు. ధైర్యం చాలలేదట.

"నేనూ వస్తా ఈ ఆదివారం. నన్నూ అడగాకు" అంది అవ్వ.

తర్వాత నేను చదువుకున్నాను, నర్సునయ్యాను, కాంగో గురించి దొరికింది దొరికినట్టు చదివాను. రబ్బరు తక్కువ తెచ్చారని అక్కడ తెల్లదొరలు జనం చేతులు నరికించారట. ఆ ఘోరాన్ని లోకానికి చాటినవాళ్లలో మిషన్ వాళ్లున్నారు, చూస్తూ నోరు మూసుకున్నవాళ్లలోనూ ఉన్నారు. ఈగ కుట్టి ప్రాణం తీసే నిద్రజబ్బుకు సూది మందు వేసిందీ వాళ్లే, ఆ బొమ్మలు కాల్చిందీ వాళ్లే. మంచివాళ్లా, చెడ్డవాళ్లా అని మా మనవరాలు అడుగుతుంది. ఇదంతా చదివే చదువు నాకు ఎవరివల్ల వచ్చిందో తలచుకుంటే నాకు జవాబు రాదు. మా నాయన పండు ముసలి అయ్యేదాకా బతికాడు. అది సుంకులమ్మ చలవో, యేసు దయో, మిషన్ గంజో, దాన్నీ తేల్చలేను.

ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ, తెలుగు రాని డాక్టరుకూ మన పల్లె జనానికీ మధ్య నేనే నిలబడ్డాను. చేదైనా, సిగ్గయినా, ఇటు మాట అటు ఉన్నదున్నట్టే చెప్పాను. ఆ రోజు నుంచి నాకు అర్థమై నాతో ఉండిపోయింది అదొక్కటే. అన్నమాట ప్రకారం అవ్వ ఆ ఆదివారం చర్చికి వచ్చింది. ముందు వరుసలో నా పక్కనే కూర్చుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని చాలాసేపు మొక్కింది. ఎవరికి మొక్కిందో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు.