పైకప్పు తట్టే వీరుడు

మందమర్రి బస్సులో నా పక్కన కూర్చున్న బొగ్గుగని కార్మికుడు ఫోనులో జాబితా రాస్తున్నాడు. రకరకాల గేముల వీరులంతా కలిసి కొట్టుకునే కొత్త గేము రాబోతోందట. అందులోకి కొత్తగా ఎవరొస్తారో ఊహిస్తున్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

“తమ్మీ, ఒక గని కార్మికుడొస్తుండు. పక్కా ఖబర్! ఒక్క దెబ్బకు పుర్రె పగలగొడ్తడు, పక్కటెముకలు పీకుతడు” అన్నాను.

అతను నవ్వలేదు. “కొట్టే ముందు పైకప్పు గట్టిగున్నదా అని తట్టి చూస్తడా, కాకా? తట్టకుంటే వాడేం గనోడు? గనిల నాతోని పనిజేసే జోడీ ఒక్కనాడు తట్టుడు మర్చిండు. బండ కూలి తల కొబ్బరికాయ లెక్క పగిలింది. నేను గుంజితే బూట్లే చేతికొచ్చినయ్.”

జాబితా చివర ఆ జోడీ పేరు రాశాడు. “గేముల సచ్చినోడు మళ్ల లేస్తడు కద.”

గేము వచ్చింది. అందులో గనివాడెవడూ లేడు. ఉన్నాడనే ఊరంతా చెబుతున్నాను, కొట్టే ముందు పైకప్పు తడతాడని కూడా.