థర్లో పార్క్‌వేలో ఆకుపచ్చ బోర్డు

రోడ్డు దాటుతున్న ఒక మనిషి కారు కింద పడి చనిపోయాడు. అక్కడ మనుషులు దాటుతారని హెచ్చరించవలసిన బోర్డు కారు నడిపిన ఆమెకు కనిపించలేదు. ఆ బోర్డుకు రంగు నిర్ణయించింది, ఎత్తు తగ్గించింది, దాన్ని చెట్ల వరుసలోకి జరిపించింది థర్లో పార్క్‌వే పరిరక్షణ కమిటీ. అయినా 2019 నవంబరు పద్నాలుగున ఆ కమిటీ నగర కార్యాలయానికి రాసిన ఉత్తరంలో తప్పంతా డెబ్బై మూడేళ్ల ఒక ముసలామె సంతకం మీదికి నెట్టారు.

ఆమె పేరు ఆర్డెల్లా పింక్నీ. చెట్ల వరుసల మధ్య సాగే ఆ పార్క్‌వే పదిహేడవ వీధిని దాటే చోట ఇరవై ఏడేళ్ల పాటు బడిపిల్లలను రోడ్డు దాటించింది. ఆ ఇరవై ఏడేళ్లలో అక్కడ ఒక్క పిల్లకు మోకాలు కూడా గీసుకుపోలేదు.

అలబామాలో పుట్టి, తొమ్మిదో ఏట తల్లి చెయ్యి పట్టుకుని ఉత్తరాన ఉన్న ఈ ఊరికి వచ్చింది. తల్లి హోటలు దుప్పట్లు ఉతికేది. ఆర్డెల్లా ఇరవై ఏళ్లు ఆసుపత్రి వంటగదిలో పనిచేసి, మోకాళ్లు ఆ రాతి గచ్చును ఇక భరించలేమన్నాక, 1989లో నారింజ రంగు కోటు తొడుక్కుని రోడ్డు మీదికి వచ్చింది. నిలబడలేక ఒక ఉద్యోగం మాని, నిలబడడమే పనిగా ఉన్న ఉద్యోగంలో చేరిందని భర్త రూబెన్ బతికినన్నాళ్లూ నవ్వేవాడు. ఊరి అంచున ఉన్న సరస్సు మీదినుంచి గాలి కోసుకొచ్చే రోజుల్లో ఆమె మేజోళ్ల మీద రొట్టె చుట్టివచ్చే ప్లాస్టిక్ సంచులు తొడిగి, వాటిమీద బూట్లు వేసుకునేది. పిల్లలు లేరా అని ఎవరైనా అడిగితే, "ఎందుకు లేరూ? పొద్దున మూడొందలు, సాయంత్రం మూడొందలు" అనేది.

ఆమె నేర్పిన పాఠం ఒక్కటే.

"కారుని చూడకండర్రా. తోలేవాళ్ల కళ్లు చూడండి. మిమ్మల్ని చూశారని మీకు తెలిసేదాకా అడుగు కదపొద్దు."

2016 జూన్‌లో బడిని మూసి వేరే బడిలో కలిపారు. దానితో ఆమె ఉద్యోగమూ పోయింది. కాని రోడ్డుకు అవతల లైబ్రరీ ఉంది, బస్సు ఆగే చోటు ఉంది, లైబ్రరీ కింది అంతస్తులో వృద్ధులకు మధ్యాహ్న భోజనం పెడతారు. బడి మూసినంత మాత్రాన మనుషులు రోడ్డు దాటడం మానరు. ఆర్డెల్లా జీతం లేకుండానే రోజూ వెళ్లి నిలబడింది. తాను ఎల్లకాలం నిలబడలేనని ఆమెకు తెలుసు. అందుకే ఆ అక్టోబరు మూడున నగర కార్యాలయానికి చేతిరాతతో ఉత్తరం రాసింది. మెరిసే దీపమున్న పసుపుపచ్చ బోర్డు ఒకటి పెట్టమంది. ట్రాఫిక్ విభాగం మూడు వారాల్లో సరేనంది. అయితే థర్లో పార్క్‌వే చారిత్రక ప్రదేశాల పట్టికలో ఉన్నందువల్ల అక్కడ ఒక మేకు దిగ్గొట్టాలన్నా పరిరక్షణ కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో ఉన్నదంతా పార్క్‌వేకు పడమటి వైపు రాతి ఇళ్లవాళ్లు. ఆర్డెల్లాది తూర్పు వైపు, రెండేసి కుటుంబాలు సర్దుకునే చెక్క ఇళ్ల వైపు.

అనుమతి రాలేదు. ఆమె రాసిన ఆరు ఉత్తరాలకు రెండు జవాబులు వచ్చాయి. రెండింటిలోనూ పసుపు రంగు "మార్గపు సహజ సౌందర్యానికి విఘాతం" అని ఉంది. పడమటి ఇళ్ల ముందు పచ్చికలో "మన పార్క్‌వేను కాపాడుకుందాం" అని రాసిన అట్టలు మొలిచాయి.

"ఒక్క బోర్డు వద్దని చెప్పడానికి నలభై బోర్డులు పాతారు. నేను లెక్కపెట్టాను" అన్నాడు మంగలి బర్ల్ టిమన్స్. అతని దుకాణం పదిహేడవ వీధి మలుపులోనే ఉంది.

2018 అక్టోబరులో చర్చి కింది హాలులో రెండు వైపుల వాళ్లనూ కూర్చోబెట్టారు. కమిటీ అధ్యక్షుడు ప్రెస్కాట్ హాల్డెన్ భవనాల నమూనాలు గీసి రిటైరైన మనిషి, మాట మెత్తన. పాత ఛాయాచిత్రాలను గోడ మీద వేసి చూపించి, ఊరంతా ఆమెను గౌరవంగా పిలిచే పేరుతోనే పిలిచాడు.

"మిస్ ఆర్డెల్లా, మీరంటే మాకందరికీ గౌరవం. మా పిల్లల్నీ మీరే దాటించారు. కానీ ఈ దారి వేసినవాళ్లు గుర్రబ్బండిలో వచ్చే మనిషికి ఏదీ కంటికి అడ్డు రాకూడదని కోరుకున్నారు. అది మనం నిలబెట్టాలి కదండీ."

"గుర్రబ్బండి గంటకి నలభై మైళ్లు పరిగెత్తదు కదా, మిస్టర్ హాల్డెన్" అంది ఆర్డెల్లా.

వెనక వరుసలో నవ్వులు లేచాయి. హాల్డెన్ కూడా నవ్వాడు.

"చరిత్ర ఒకసారి చెడితే మళ్లీ రాదండీ."

"ఆ బొమ్మలో ఉన్నవి ఎల్మ్ చెట్లు. అవన్నీ తెగులొచ్చి చచ్చాయి. ఇప్పుడున్న లిండెన్లు నా పెళ్లయిన మరుసటేడు నాటారు, నేను చూస్తుండగానే. చెట్లు మారొచ్చు, బళ్లు మారొచ్చు, బోర్డు మాత్రం రాకూడదా?"

"అమ్మా, ఆ బోర్డుకి లేసు కుచ్చులు కుట్టివ్వండి, ఒప్పుకుంటారు!" అని అరిచాడు బర్ల్.

"నువ్వు గడ్డాలు చూసుకోవయ్యా" అని ఎవరో పడమటి వైపు నుంచి తిరిగి అరిచారు. ఆ తరువాత గంటసేపు ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

ఆర్డెల్లా పక్కన లూషియస్ గ్రీర్ కూర్చుని వెన్న కేకు తింటున్నాడు. ముప్పై ఏళ్లు ఇదే పార్క్‌వే మీద సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. రూబెన్ పోయాక ఆమె ఇంటి మెట్ల మీద మంచు తోసిపెట్టింది, కుళాయి బిగించింది ఈ మనిషే. ఇప్పుడు రెండు కళ్లకూ పొర కమ్ముతోంది. ఎదురుగా వచ్చేది కారని తెలుస్తుంది గాని, నడిపేవాళ్ల కళ్లు కనిపించవు. ఆర్డెల్లా నేర్పిన పాఠం అతనికి ఇక పనికిరాదు. రోజూ పదకొండున్నరకు ఆమె అతన్ని భోజనానికి దాటించేది.

"నాకోసమే కొట్లాడుతున్నావా, ఆర్డీ?" అన్నాడు నెమ్మదిగా.

"నీకోసం కాదు. నీలాంటి మొండోళ్లు ఇంకా ఉన్నారు."

"నాకేం కాదులే. ముప్పై ఏళ్లు తోలాను, ఈ రోడ్డే నన్ను చూసి పక్కకి తప్పుకుంటుంది."

చివరికి కమిటీయే ఒక మధ్యేమార్గం చూపింది. దీపం ఉండదు. పసుపు బదులు పాత దీపస్తంభాల ముదురు ఆకుపచ్చ, దానిమీద మీగడ రంగు అక్షరాలు. ఎత్తు అయిదడుగులు. బాట అంచున కాకుండా లిండెన్ల వరుసలో. కాదంటే దరఖాస్తు మళ్లీ మొదటినుంచి వేసుకోవాలన్నారు.

2019 ఫిబ్రవరి పంతొమ్మిదిన హాల్డెన్, ఇద్దరు సభ్యులు నమూనా బోర్డును తెచ్చి గుంజకు కట్టారు. అంతటా మోకాలి లోతు మంచు. చెట్లు మోడుల్లా ఉన్నాయి. ఆర్డెల్లాను రెండు వందల అడుగులు వెనక్కి నడిపించి అడిగారు.

"కనిపిస్తోందా, మిస్ ఆర్డెల్లా?"

"కనిపించకేం? మంచు మీద బొగ్గులా ఉంది."

"అయితే ఇక్కడ ఒక సంతకం. ఇంకో మాటండీ. బోర్డు వచ్చాక మీరు ఆ కోటు వేసుకుని నిలబడడం బాగుండదు. మీకేదైనా అయితే నగరానికి చిక్కు. ఇన్నేళ్లు చేశారు, ఇక విశ్రాంతి తీసుకోండి."

ఆమె వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రెండేళ్ల నాలుగు నెలల నుంచి అడుగుతోంది. ఏదో ఒకటి దక్కిందనుకుంది. చేతి తొడుగు తీసి సంతకం చేసింది. ఏప్రిల్ మొదట్లో, ఇంకా చిగురు వేయకముందే, బోర్డు నిలబెట్టారు. ఆ రోజే ఆమె నారింజ కోటు ఉతికి, మడిచి, అలమారలో పెట్టింది. లూషియస్‌ను మాత్రం వీలైనప్పుడల్లా తోడుండి దాటిస్తూనే ఉంది.

సెప్టెంబరు పదకొండు, బుధవారం. రక్తపోటు చూపించుకోవడానికి ఆమె క్లినిక్‌కు వెళ్లవలసి వచ్చింది. ముందురోజే లూషియస్‌కు చెప్పింది.

"రేపు నేనుండను. బర్ల్‌ని పిలువు."

"గుండు గీసేవాణ్ణి పట్టుకుని రోడ్డు దాటాలా? బోర్డు పెట్టించావుగా, అదే దాటిస్తుంది."

అతను బోర్డును నమ్మాడు. తెల్లని గీతల మధ్యే నడిచాడు. దక్షిణం వైపు నుంచి వచ్చిన కారు గంటకు ముప్పై ఎనిమిది మైళ్ల వేగంలో ఉంది. నడిపినామె ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సు. తాగలేదు, ఫోను చూడలేదు. "ఆ చెట్లలో బోర్డు ఉందని మీరు చూపించేదాకా నాకు తెలియదు" అని పోలీసులకు చెప్పి, రోడ్డు అంచున కూలబడి ఏడ్చింది. నివేదికలో పోలీసులు కొలిచి రాసిన దూరం ముప్పై రెండు అడుగులు. అంతకు వెనకనుంచి ఆ బోర్డు కారులో ఉన్న మనిషికి కనబడదు.

ఆర్డెల్లా చేరేసరికి అతన్ని తీసుకుపోయారు. రోడ్డు కడిగారు గాని, బళ్లను ఇంకా వదల్లేదు. ఆమె దక్షిణంగా రెండు వందల అడుగులు నడిచి, వెనక్కి తిరిగి, కారు సీటు ఎత్తుకు వంగింది. అలాగే ఉండి చూసింది. బర్ల్ పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాడు.

"ఏంటి, మిస్ ఆర్డెల్లా? ఏం చూస్తున్నారు?"

"ఆకులు."

"ఏంటి?"

"ఆకులు, బర్ల్. ఆకుల్లో ఆకులాగుంది ఆ బోర్డు. ముప్పై ఏళ్లు ఈ చెట్ల కింద నిలబడ్డాను. వీటికి ఆకులొస్తాయని ఆ రోజు నాకు తట్టలేదు."

అతను ఆమెను పట్టి నిలబెట్టి, రోడ్డు అంచుకు నడిపించాడు.

నగర కార్యాలయం సంజాయిషీ అడిగినప్పుడు కమిటీ పంపిందే ఆ నవంబరు ఉత్తరం. అందులోని వాక్యం ఇది: "సదరు బోర్డు స్పష్టంగా కనబడుచున్నదని, ఆ కూడలిలో దీర్ఘానుభవము గల శ్రీమతి పింక్నీ స్వయముగా పరిశీలించి లిఖితపూర్వకముగా ధ్రువీకరించియున్నారు. కమిటీ ఆమె అనుభవముపై ఆధారపడినది." పసుపు బోర్డు ఊసే అందులో లేదు.

ఆ ఉత్తరం నకలును మేనకోడలు వెర్నా చదివి వినిపించింది.

"ఇంకోసారి చదువమ్మా."

వెర్నా చదివింది. "చూశావా అత్తా, ఎంత సిగ్గులేని మనుషులో! నిన్ను అడ్డం పెట్టుకుని నీ వెనక దాక్కుంటున్నారు."

"దాక్కోనీ. నా వెనక ఎంతమంది నిలబడలేదు" అంది ఆర్డెల్లా. ఆ నకలు మడిచి, "సంతకం నాదేగా" అంది.

వారం తరువాత హాల్డెన్ మూతపెట్టిన గిన్నెలో కోడిమాంసం, నూడుల్స్ వండించి తెచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"అది లాయరు రాసిన వాక్యం, మిస్ ఆర్డెల్లా. మీ మీద ఎవరికీ కోపం లేదండీ."

"కోపం లేకుండానే రాశారా?"

"నాకూ నిద్ర పట్టడం లేదు. నిజంగా."

"మొదట నేనడిగింది పసుపు బోర్డని ఆ ఉత్తరంలో ఎందుకు లేదు?"

"అదిప్పుడు... విషయానికి సంబంధం లేదన్నారు."

"ఎవరన్నారు?"

అతను గిన్నెను ఆమె వైపు జరిపాడు. ఆమె గిన్నె తీసుకుంది. ఇంటికొచ్చిన తిండిని తిప్పి పంపడం ఆమెకు చేతకాదు. వెర్నా వచ్చినప్పుడు అది అలాగే, మూత తీయకుండా ఉంది.

ఆ తరువాత ఆర్డెల్లా పదిహేడవ వీధి దగ్గర రోడ్డు దాటలేదు. లైబ్రరీకి వెళ్లాలంటే ఉత్తరంగా ఆరు వీధులు నడిచి, సిగ్నల్ దీపం దగ్గర దాటి, మళ్లీ ఆరు వీధులు వెనక్కి వచ్చేది. ఒకప్పుడు ఆమె దాటించిన పిల్లలు ఇప్పుడు కార్లు నడుపుతూ, ఆమెను గుర్తుపట్టి హారన్ కొట్టి చెయ్యి ఊపేవారు. ఆమె చెయ్యి పైకి లేచేది కాదు. కొందరు చూపు తగ్గిందనుకున్నారు, కొందరు పొగరన్నారు. మరుసటి చలికాలానికి ఆ నడకా మానేసింది. 2021 మార్చిలో, కుర్చీలోనే, నిద్రలో పోయింది. ఆఖరి నెలల్లో వెర్నాను చాలాసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాళ్లు రాసిన మాట తీసేశారా?"

తీసేయలేదు.

ఆమె సంతకం చేసిన ఫిబ్రవరి కాగితం మాత్రం నగర దస్త్రంలో దొరికింది. ఒకే పుట. రంగు, ఎత్తు, స్థలం కమిటీ నిర్ణయించినవని మొదటి పేరాలోనే అచ్చయి ఉంది. "పరిశీలన నాటి పరిస్థితి" అన్న గడిలో హాల్డెన్ సొంత చేతిరాతలో ఇలా ఉంది: "నేలంతా మంచు. చెట్లకు ఆకులు లేవు." దాని కింద ఆర్డెల్లా పింక్నీ సంతకం. ఆ రోజు, ఆ మంచులో, ఆకులు లేని చెట్ల మధ్య బోర్డు కనిపించిందని మాత్రమే ఆమె ఒప్పుకుంది. అది నిజం. వేసవిలో కనిపిస్తుందని ఆమె చేత ఎవరూ అనిపించలేదు. ఆకులు లేవని కలం పట్టి రాసుకున్న వారికి, ఆకులు వస్తాయన్న సంగతి నవంబరులో ఉత్తరం రాసేటప్పుడు గుర్తు రాలేదు.

ప్రెస్కాట్ హాల్డెన్ గారూ, కమిటీ సభ్యులారా, ఆ ఉత్తరాన్ని ఆమోదించి దస్త్రంలో పెట్టుకున్న నగర అధికారులారా, ఆ వాక్యాన్ని రాతపూర్వకంగా ఉపసంహరించండి. ఆ ఉపసంహరణను రెండు వైపుల వాళ్లనూ కూర్చోబెట్టి, అదే చర్చి హాలులో, ఆమె పేరు పూర్తిగా పలికి చదవండి. ఆ ఆకుపచ్చ బోర్డును పెరికి, ఆమె 2016 అక్టోబరు మూడున అడిగిన బోర్డును ఆమె అడిగిన చోటే నాటండి. లిండెన్లు చిగురించడానికి ఇంకా అయిదు వారాలే ఉన్నాయి.