మూడోసారి అడగలేదు

పోయిన ఆదివారం నోటిదాక వచ్చిన ఖుబానీ కా మీఠాను నా నోటితో నేనే వెనక్కి పంపిన. దానికి కారణం ఇంగ్లీషు గ్రామర్.

మనవరాలు శ్రావ్యకు తెల్లారి పరీక్ష. వాక్యాలు ఎన్ని రకాలన్నది పాఠం. నేనేమో ఆ కాలపు బీఏ. బహదూర్‌పురాలో నా కాలేజీ దోస్తు ఖాదర్ ఇంటికి దావత్‌కు పిల్లను వెంటబెట్టుకుని పోతూ ఆటోలోనే పాఠం మొదలుపెట్టిన.

"అడిగితే క్వశ్చన్. పని చెప్తే కమాండ్. ఆశ్చర్యపోతే ఎక్స్‌క్లమేషన్. ఉన్నది ఉన్నట్టు చెప్తే స్టేట్‌మెంట్, బిడ్డా."

"అబద్ధం చెప్తే, తాతా?"

"మనం చెప్పం గదా," అన్న.

ఖాదర్ ఇల్లంటే నాకు ఆ రోజులే గుర్తొస్తయి. పరీక్షలప్పుడు వాళ్ల మిద్దె మీద చదివేవాళ్లం. తెల్లవారుజామున దగ్గర్లోని జూ నుంచి సింహం గర్జన వినబడితే పుస్తకాలు మూసి పడుకునేవాళ్లం. సింహాల సంగతి ఇప్పుడెందుకు గానీ, ఆ ఇంట్లో తినడానికి ఒక పద్ధతి ఉండేది. ఖాదర్ వాళ్లమ్మ వడ్డించబోతే వద్దనాలె. రెండోసారీ వద్దనాలె. మూడోసారి ఆమె కసురుకుంటూ వేస్తే తలవంచుకుని తినాలె. మొదట్లనే సరే అంటే తిండిపోతు అనుకుంటరని భయం. ఆమె పోయినంక ఆ పద్ధతి ఖాదర్ భార్యకు వచ్చింది. ఎండు ఖుబానీ పండ్లు నానబెట్టి, మెత్తగా ఉడికించి, పైన మలాయి వేసి ఆమె చేసే మీఠా కోసం ఆ పొద్దున నేను టిఫిన్ కూడా మానేసిన.

భోజనాలైనయి. భాభీ గిన్నె తెచ్చింది.

"భాయ్‌సాబ్, జర మీఠా?"

"వద్దు భాభీ, కడుపు నిండింది."

"కొంచెమే."

"అస్సలు వద్దు."

ఇంకొక్కసారి అడిగితే అయిపోయేది. చెంచా కూడా పట్టుకున్న. అప్పుడు శ్రావ్య అన్నది, "దాదీ, తాతను బలవంతం చెయ్యకండి. తాత చెప్పింది స్టేట్‌మెంట్. నిజంగనే వద్దు."

భాభీ చెయ్యి ఆగింది. ఖాదర్ మీసాల కింద నవ్వుతున్నడు. వానికి అంతా తెలుసు.

"ఈ పాఠం నువ్వే చెప్పినవా యార్?"

"ఔ."

"రేపు పరీక్ష గదా. ఇప్పుడు మేం నీకు వేస్తే పిల్ల ఆగమైతది," అని గిన్నె శ్రావ్య ముందుకు జరిపిండు. "నీకు, బేటా?"

"కావాలి," అన్నది. మళ్లా అడిగితే మళ్లా "కావాలి" అన్నది. ఇంత సులువని నాకు ఇన్నేండ్లు ఎవరూ చెప్పలే. నేను సోంపు నములుకుంట కూర్చున్న.

వచ్చేటప్పుడు భాభీ పిల్లకు డబ్బాలో మీఠా పెట్టిచ్చింది. ఆటో కదలంగనే శ్రావ్య మూత తీసింది. వాసన గుప్పుమన్నది. నా మొహం చూసి, "తాతా, తింటవా?" అన్నది.

"వద్దు బిడ్డా, నువ్వు తిను," అన్న. అలవాటు.

మూత పెట్టేసింది. మళ్లా అడుగుతదేమోనని ఇల్లొచ్చేదాక చూసిన. పాఠం పిల్లకు బాగనే వచ్చింది.