నాకు చెప్పకుండా పోయిన అత్త

మా అత్త పోయిందని నాకు తెలిసేసరికి జమ్మలమడుగులో సమాధి కూడా అయిపోయింది. నేనప్పుడు జర్మనీలో ఒక చిన్న ఊరి వృద్ధాశ్రమంలో గిన్నెలు తుడుస్తున్నాను. ఫోన్లో నాన్న, "మీ అత్త ప్రభువు దగ్గరికి పోయిందమ్మా. అంతా బాగా జరిగింది" అన్నాడు. ఏం బాగా జరిగిందో నాకు అర్థం కాలేదు. రొమ్ము క్యాన్సరట. నేను విమానం ఎక్కిన కొద్ది నెలలకే బయటపడిందట. పులివెందులలో చూపిస్తే తిరుపతికి పంపారట. ఇంట్లోవాళ్లకు తెలుసు, చర్చిలో తెలుసు, వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకూ తెలుసు. నాకు తప్ప.

ఆమె నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. జమ్మలమడుగులో బడిపిల్లలకు లెక్కలు చెప్పేది. నేను ప్రొద్దుటూరు కాన్వెంటులో ఎవరితోనూ మాట్లాడకుండా పుస్తకంలో తలదూర్చుకున్న రోజుల్లో, శనివారం వస్తే మా ఊళ్లో బస్సు దిగేది. వచ్చీరాగానే నన్ను అంగడికి తరిమేది.

"సిగ్గుంటే ఉండనీ మే, దాన్నెవరూ అడగరు. నువ్వు ఉప్పు అడిగి తీసుకునిరా."

అంగడి ముందు నా నోరు పెగలకపోతే నా బదులు తను అడిగేది కాదు. వచ్చి పక్కన నిలబడేది, అంతే. ఎంతసేపైనా నిలబడేది.

డిగ్రీ అయ్యాక, ఒక ఏడాది విదేశంలో సేవ చేసేందుకు యువతను పంపుతామని చర్చిలో ప్రకటించారు. "మాట్లాడను రాని పిల్ల, ఆడ యాడ బతుకుతాది?" అంది అమ్మ. అత్త గొంతు పెంచింది. "మాట్లాడను రానోళ్లే బాగా వింటారు. ముసిలోళ్లకు కావాల్సింది అదే గదా. పోనీండి." ఆ మాట లేకపోతే నేను గడప దాటేదాన్ని కాదు. కోపంతో రాస్తున్నాను గానీ, ఇది మాత్రం మరిచిపోలేదు.

అక్కడ ఆశ్రమంలో పొద్దున్నే నా పని ముసలమ్మలకు తల దువ్వడం. వాళ్లలో ఒకామెకు జ్వరం వస్తే ఆ రోజే కూతురికి ఫోన్ చేసేవాళ్లు. కూతురు కారేసుకుని వచ్చి మంచం పక్కన కూర్చునేది. నేను ఆమెకు కాఫీ ఇచ్చేదాన్ని.

మా చర్చిలో ప్రార్థన అనగానే ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు. అత్తకు ఎప్పుడూ కొంగు నిలిచేది కాదు. జారినా పట్టించుకునేది కాదు, వెనక పెద్దవాళ్లు గుర్రుగా చూసేవాళ్లు. అలాంటి మనిషి ఫోన్లో కనబడినప్పుడల్లా నుదుటిదాకా ముసుగు.

"ఏందత్తా, భక్తి ముదిరిందా?"

"ముదరక? ఇప్పుడే ప్రార్థన అయింది పాపా. నీకోసమే చేస్తాంటి."

"శానా సన్నబడినావు."

"ఈడ ఎండలు మండిపోతాండాయి మే. నీకేం, మంచులో ఉండావు."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను నమ్మాను. ముసుగు కనబడితే ప్రార్థన అనుకుంటాం గానీ, దాని కింద జుట్టు లేదని మాలో ఎవరికి తడుతుంది? ప్రార్థనను అడ్డం పెట్టుకుని నాతో అబద్ధమాడింది. నేను ఎవరెవరివో తలలు దువ్వుతూ ఉంటే, తన తల నా కంటపడకుండా దాచుకుంది.

తిరిగొచ్చాక నాన్నను అడిగాను. "నీకు చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకునింది" అన్నాడు. "తెలిస్తే వచ్చేస్తావు, సేవ సగంలో ఆగిపోతాదని."

"అత్తకు చేస్తే సేవ కాదా నాన్నా?"

ఆయన లేచి బయటికి పోయాడు.

జ్ఞాపకార్థ కూడికలో ఒక సంఘపెద్ద, "బిడ్డ పని చెడకూడదని నొప్పిని దిగమింగుకున్న తల్లి" అన్నాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నన్నూ మాట్లాడమన్నారు. లేచి మైకు పట్టుకున్నాను. "దూరంగా ఉండే మీ బిడ్డలకు చెప్పండి. వాళ్లు తట్టుకోలేరని మీరు తీర్మానం చేయొద్దు. పక్కన నిలబడే హక్కు మాకూ ఉంది" అన్నాను. ఇంకా ఏదో అనబోతే, ఎవరో వచ్చి మెల్లగా మైకు తీసుకుని పాట ఎత్తుకున్నారు.

అక్కడ కూర్చున్నవాళ్లలో ఆమె చివరి నెలల్లో గంజి తాగించినవాళ్లు ఉన్నారు, బట్టలు ఉతికినవాళ్లు ఉన్నారు. వాళ్ల మీద నాకు అసూయ. ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు.

పోయిన వారం నాన్నకు ఛాతీలో నొప్పి వస్తే ప్రొద్దుటూరులో ఆసుపత్రిలో చేర్చాం. మంచం ఎక్కగానే ఆయన మొదట అన్న మాట, "చిన్నోడికి చెప్పాకండి, పరీక్షలుండాయి." తమ్ముడు బెంగుళూరులో చదువుతున్నాడు. అమ్మ సరేనని తలూపింది. నేను ఫోన్ తీసి వాడికి వీడియో కాల్ చేసి, మంచం వైపు తిప్పి పట్టుకున్నాను.

"ఏం పనిమ్మా ఇది" అని నాన్న గోడవైపు తిరిగిపోయాడు.

నేను ఫోన్ దించలేదు. ఆయన వీపు, సూది గుచ్చిన చెయ్యి వాడికి కనబడుతున్నాయి. "నాన్నా" అన్నాడు వాడు. నాన్న ఇటు తిరగలేదు. వాడూ ఫోన్ పెట్టేయలేదు. సీసాలోంచి సెలైన్ చుక్కచుక్కగా దిగుతోంది. ఇక్కడ అమ్మా నేనూ, అక్కడ వాడూ, దాన్నే చూస్తూ ఉండిపోయాం.