మా వాడకట్టులో సూదికి బోణి

ఆ రోజుల్లో అంటే మా తాతల కాలం ఏమీ కాదు, మొన్నమొన్నటి సంగతే. కానీ మూతికి గుడ్డ కట్టుకుని, ఎదురింటివాడు దగ్గితే తలుపు వేసుకుని బతికిన ఆ కాలాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఎవరి కథో విన్నట్టు ఉంటుంది. అప్పుడు నేను సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు) నడిపేవాణ్ని. డిగ్రీ మధ్యలో వదిలేశాను గనుక మా షెడ్డులో నేనే పండితుణ్ని. పూర్తిచేసి ఉంటే ఉద్యోగం వెతుక్కుంటూ ఎక్కడో పామరుణ్నయ్యేవాణ్నేమో. ఎవరి ఫోన్లో ఏ మెసేజ్ వచ్చినా అర్థం చెప్పమని నా దగ్గరికే తెచ్చేవారు. నేను కళ్లు చిన్నవి చేసి చదివి, కాసేపు ఆగి, "గిది మామూలు ముచ్చట కాదు" అనేవాణ్ని. తర్వాత ఏం చెప్పాలో ఆ ఆగిన కాసేపట్లోనే తయారయ్యేది.

చదువుతో పాటు నాకు ఇంకో గౌరవం కూడా ఉండేది. మా వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. సాంచకు కొత్త భీము (పడుగు నూలు చుట్టి ఉండే పెద్ద రోలు) ఎక్కించినప్పుడు పసుపు కుంకుమ పెట్టి, అగరుబత్తి ముట్టించి, చెయ్యి మంచిదని పేరున్న మనిషితో మొదట నడిపిస్తారు. బోణి బాగుంటే ఆ భీము అయిపోయేదాకా దారం తెగదని నమ్మకం. ఎప్పుడో నా చిన్నతనంలో ఒక ఆసామి తన సాంచను సరదాకు నాతో నడిపిస్తే, ఆ భీము నిజంగానే తెగకుండా నడిచిందట. (నూలు మంచిదై ఉంటుందని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది గానీ బయటపెట్టలేదు.) అప్పటినుంచి నా అసలు పేరు పోయి "మంచిచెయ్యి" అన్నదే మిగిలింది. ఎక్కడ కొత్త భీము ఎక్కినా నాకు పిలుపు, ఛాయ్, నలుగురి మధ్యలో కుర్చీ. కొత్త బండి కొన్నా, కొత్త దుకాణం తెరిచినా, చివరికి కొత్త బర్రెను తెచ్చి పాలు పితికిన రోజు కూడా నన్ను పక్కన నిలబెట్టేవారు. బర్రె మాత్రం నన్ను లెక్కచేయలేదు.

ఇంత గౌరవం ఉన్న మనిషికి సూది అంటే భయమని పదిమందిలో చెప్పుకోవడం ఎలా? అది మామూలు భయం కాదు. బడికి సూదులు వేసేవాళ్లు వచ్చారంటే కిటికీలోంచి దూకి, పరుగున వచ్చి షెడ్డులో నూలు బస్తాల వెనక దాక్కునేవాణ్ని. పెద్దయ్యాక జ్వరం వచ్చి దవాఖానాకు పోతే, డాక్టరు నోరు తెరవకముందే "గోలీలు సాలు సార్, తగ్గుడు మొదలైంది" అనేవాణ్ని. మీసాలొచ్చినా ఆ భయం చోటు ఖాళీ చేయలేదు. అందుకని కరోనాకు సూది వచ్చిందని వినగానే నాకు ఒక్కసారిగా సైన్సు మీద అనుమానాలు పుట్టుకొచ్చాయి.

మా వాళ్లకు ఎవరి కారణాలు వాళ్లకుండేవి, అవన్నీ బతుకులోంచి వచ్చినవి. సాంచ నడిపేవాడికి చెయ్యి నొప్పి పుడితే తెగిన దారం ముడివేసేదెవరని భయం. బీడీలు చుట్టే ఆడవాళ్లదీ అదే గోస. కండెల మామ అని మేము పిలిచే పెద్దమనిషికి (ఊళ్లోని షెడ్లకన్నిటికీ నూలు చుట్టిన కండెలు మోసేవాడు) సూది వేయించుకుంటే కొన్నాళ్లు కల్లు ముట్టొద్దని ఎవరో చెప్పారు. ఆయన ఆ మాటను కరోనాకంటే పెద్ద ఆపదగా తీసుకున్నాడు. నా దగ్గర ఇలాంటి చిల్లర కారణాలు ఉండేవి కావు. రక్తం చిక్కబడుతుందనేవాణ్ని, విదేశాల కుట్ర అనేవాణ్ని, ఒళ్లు అయస్కాంతం అవుతుందనేవాణ్ని. ఇందుకు రుజువు కూడా చూపించాను. కొడిమ్యాల నుంచి వచ్చిన మా మేనమామ సూది వేయించుకున్నాడని తెలిసి, షెడ్డులో అందరి ముందు ఆయన భుజానికి చెంచా ఆనించాను. అంటుకుంది. జనం నోళ్లు తెరిచారు. అందరూ వెళ్లాక అదే చెంచా నా భుజానికి ఆనిస్తే నాకూ అంటుకుంది. ఎండాకాలం ఆ రేకుల షెడ్డులో పట్టే చెమటకు చెంచా ఏం ఖర్మ, గరిటె కూడా అంటుకుంటుంది. ఈ రెండో ప్రయోగం సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

ఇందులో అసలు చిక్కేమిటంటే, మా వాడకట్టుకు ఆశా కార్యకర్త మా వదినే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఆమె పొద్దున్నే ఇంటింటికీ తిరిగి సూది వేయించుకోమని బతిమాలి వచ్చేది, నేను మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని అదే జనానికి వద్దని బోధించేవాణ్ని. వదిన తల్లిగారిల్లు కోరుట్ల. వాళ్ల నాన్న సూది వేయించుకోకుండా రేపు మాపు అంటూనే రెండో విడత కరోనాలో పడి, జగిత్యాల దవాఖానాలో చావు తప్పి బయటపడ్డాడు. సైకిలు మీద ఊరంతా తిరిగిన మనిషి ఇప్పుడు వాకిలి దాటితే ఆయాసపడేవాడు. అందుకే వదిన అంతగా తిరిగేది. ఎక్కడికి పోయినా మాత్రం ఆమెకు ఒకటే జవాబు దొరికేది. "మీ ఇంట్ల మర్దికే చెప్పుకోలేకపోతివి, మాకేం చెప్పవడితివి అక్కా?" వదిన ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగి కూర్చునేది. మా బాపమ్మ (నాన్న తల్లి) కూడా "మంచిచెయ్యి ఏసుకున్ననాడే నేను ఏసుకుంట" అని మొండికేసింది. ఆమె దమ్ము (ఉబ్బసం) మనిషి, కరోనా వస్తే తట్టుకోలేదని నాకు తెలుసు. తెలిసి కూడా నా పాండిత్యం ఆగలేదు.

చివరికి ఒకరోజు మా కులసంఘం భవనంలో శిబిరం పెట్టించింది వదిన. నర్సమ్మ ఐసు డబ్బా పట్టుకుని పొద్దున్నే వచ్చింది. జనం కూడా వచ్చారు, కాకపోతే అందరూ గేటు బయట గోడ నీడన నిలబడి లోపలికి తొంగిచూస్తున్నారు. నర్సమ్మ గట్టి మనిషి. "సీసా ఇప్పినంక ఎక్కువసేపు ఉండది. జనం జమైతేనే ఇప్పుత. లేకుంటే మిగిలింది పారబొయ్యాలె. జరసేపు సూసి నేను పక్క వాడకు పోత, మళ్ల ఎప్పుడస్తనో నాకే తెల్వది" అంది. వదిన గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తోంది. ఎవరూ అడుగు కదపలేదు.

అప్పుడు కండెల మామ గొంతు సవరించుకున్నాడు. "ఏదైనా బోణి మంచిగుండాలె. మంచిచెయ్యితోని మొదలు పెట్టిద్దాం. ఆనికి ఏం గాకుంటే మేమందరం ఏసుకుంటం." ఆయన లెక్క నాకు తెలుసు. నేను ఎలాగూ వేయించుకోను, కల్లుకు ఢోకా లేదు. కానీ జనమంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. ఇన్నేళ్లూ ఛాయ్ తాగి కుర్చీలో కూర్చున్న గౌరవం ఆ రోజు వసూలుకు వచ్చింది. పారిపోదామంటే గేటులో వదిన నిలబడి ఉంది. ఆమె ఒక్క మాటా అనలేదు. అని ఉంటే తగువు పెట్టుకుని బయటపడేవాణ్ని. ఇక దారిలేక లోపలికి నడిచి, ఎప్పటిలాగే మధ్యలో ఉన్న కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాను.

నర్సమ్మ కవరు చింపి సూది బయటికి తీసింది. అందరికీ వేసే సన్నటి సూదేనని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాత్రం నా కళ్లకు గోనెసంచులు కుట్టే దబ్బనం కనిపించింది. సీసా మూత ఇంకా తీయనే లేదు. "వదినా" అన్నానట. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నదే చెబుతున్నాను. కుర్చీతో సహా పక్కకు ఒరిగిపోయానట. గేటు బయట ఒకటే గగ్గోలు. "మంచిచెయ్యే కూలవడ్డడు, మనమెంత" అని కొందరు చెప్పులు వదిలేసి మరీ ఉరికారట. "నేను జెప్పలే? ఆడు సదువుకున్నోడు, ముందుగాలే జెప్పిండు" అని కండెల మామ నా పాండిత్యాన్ని మెచ్చుకున్నాడట. నా బోధనలన్నింటికీ నా ఒళ్లే సాక్ష్యమై అక్కడ పడి ఉంది.

ఆ గోలలో మా బాపమ్మ కర్ర పొడుచుకుంటూ లోపలికి వచ్చిందట. "ఏ, ఆగుండ్రి. ఎటు ఉరుకుతుండ్రు? సూది ఇంక నర్సమ్మ చేతులనే ఉన్నది. ఏయకముందే పడ్డోనికి సూది ఏం జేసింది?" అని నన్ను దాటుకుని ఇంకో కుర్చీలో కూర్చుందట. "ఆని చెయ్యి మంచిదంటరు. నా చెయ్యి ఎంతమందికి అన్నం బెట్టింది, గిది మంచిది గాదా? ఏయి బిడ్డా" అని రవిక చెయ్యి పైకి లాగిందట. నర్సమ్మ సీసా విప్పింది. ఉరికినవాళ్లు చెప్పుల కోసం వెనక్కి వచ్చి, బాపమ్మ నవ్వుతూ కూర్చుని ఉండటం చూసి సిగ్గుపడి వరుసలో నిలబడ్డారు. కండెల మామను ఆయన భార్యే చెయ్యి పట్టి తెచ్చింది.

నాకు తెలివి వచ్చేసరికి ఓ మూల బల్ల మీద ఉన్నాను. ఎవరో నన్ను చూసి నవ్వబోతే వదిన అడ్డుపడింది. "పొద్దటి సంది ఏం దినలే, గందుకే కండ్లు తిరిగినయి." అబద్ధం తెలియని బాపమ్మ అక్కడినుంచే "ఏం దినకపోవుడేంది, సర్వపిండి రెండుసార్లు ఏసుకున్నడు" అంది. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

జనం పలచబడ్డాక వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. "ఒక్కటి మిగిలింది మర్దీ."

"పారబొయ్యమను."

"పారబొయ్యనియ్య. నీకు సూదంటే భయమని నాకు ఎప్పటిసందో ఎర్కే."

"భయం గాదు వదినె. గా మందుల ఏం కలుపుతుండ్రో..."

"మా బాపు గూడ గిట్లనే అన్నడు" అంది వదిన. "ఏం కలుపుతుండ్రో అన్నడు, ఎవనికో ఏమో అయిందన్నడు. నేను ఒక్కొక్కదానికి జవాబు చెప్పుకుంట కూసున్న. దవఖానల ముక్కుకు పైపు పెట్టినంక చెప్పిండు, సూదంటే భయమైంది బిడ్డా అని. గా ఒక్క మాట ముందుగాల చెప్తే నేను పక్కన కూసుండి పట్టుకోకపోదునా?"

నేను బల్ల మీద లేచి కూర్చుని, "మరి నా సంగతి వాడకట్టోళ్లకు ఎందుకు చెప్పలే? చెప్తే నా మాట ఎవడు ఇనకపోతుండె. నీ పని అల్కగ అయిపోతుండె" అన్నాను.

"నిన్ను నవ్వుతరు గదా" అంది.

ఆ మాటకు నాకు సిగ్గేసింది, దాన్ని మించి ఏడుపొచ్చింది. నేను షెడ్డులో కూర్చుని ఆమె పరువు తీస్తుంటే, ఆమె వీధి వీధి తిరుగుతూ నా పరువు కాపాడింది. నర్సమ్మను పిలిచి, వదిన నా తల గోడ వైపు తిప్పింది. "అటు సూడు. నా చెయ్యి పట్టుకో." పట్టుకున్నాను. చాలాసేపటికి "ఇంక ఎయ్యలేదా?" అని అడిగితే నర్సమ్మ డబ్బా సర్దుకుంటూ కనిపించింది. మర్నాడు మా ఇంట్లో చెయ్యి నొప్పి అన్నది నేను కాదు, వదిన. అంత గట్టిగా పట్టుకున్నాను మరి.

ఆ తర్వాత కొత్త భీము ఎక్కినప్పుడల్లా బాపమ్మకే పిలుపు వచ్చేది. నా కుర్చీ పోయింది, ఛాయ్ మాత్రం జాలిపడి పంపేవారు. ఇప్పుడు ఎవరైనా ఏదో ఒక పని వద్దనడానికి గొప్ప గొప్ప కారణాలు వరసపెట్టి చెబుతుంటే నేను వాదానికి దిగను. పక్కకు తీసుకుపోయి, "భయమైతుందా?" అని మెల్లగా అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే నేనూ ఊరుకునేవాణ్ని కాదు. "భయమా, నాకా?" అని నవ్వి, అప్పటికప్పుడు ఇంకో కొత్త కారణం చెప్పి, తిన్నగా ఇంటికి పోయి వదిన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకోమని అడిగేవాణ్ని.