తడి గోనె కింద

మా వైపు పటాసుల ఫ్యాక్టరీని ఆపీసు అంటారు. కోవిల్‌పట్టి దగ్గరున్న మా ఊరి నుంచి విరుదునగరం వైపు ఆపీసుకి పొద్దున ఆరుకే వ్యాను వస్తుంది. గొట్టాల్లో మందు నింపడం మా పని. సాయంత్రం మందు మిగిలితే బయటికి పంపి పారబోయించాలన్నది నియమం. మిగిలిందంటే ఫోర్‌మేన్ తిట్లు తినాలి. అందుకని గిన్నె మీద తడి గోనె కప్పి, మూలకి జరిపి ఇంటికొచ్చేవాళ్ళం. తడి ఉంటే నిప్పు రాదని మా తెలివి. ఆ మందుకి చెమ్మ తగిలితే లోలోపల తనంతట తనే కాగుతుందని, ఒక మనిషి కాలాక గానీ నాకు తెలియలేదు.

ఆ మనిషి మా వదిన, నాతోపాటే పని చేసేది. మూడేళ్ళ కిందట నా గిన్నె మీద గోనె కప్పి, మరునాడు ఎట్టయాపురంలో పెళ్ళికని సెలవు పెట్టాను. నా చోట ఆమె కూర్చుంది. గోనె ఎత్తగానే మందు భగ్గుమంది. రెండు చేతులూ, మెడా కాలిపోయాయి. "నీ తలరాత గెట్టిది, తప్పిచ్చుకొంటివి. ఆమె రాత అంతే" అన్నారు అందరూ. గిన్నె ఎవరిదని ఒక్కరూ అడగలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ తరవాత నేను మందు మిగల్చలేదు, పక్కవాళ్ళు మానలేదు. వాళ్ళని ఆపాలంటే నా సంగతి బయటపెట్టాలి కదా! సిగ్గులేని బతుకు నాది.

ఈ వేసవిలో వదిన కూతురు పన్నెండో తరగతి ముగించి, తల్లి చోటుకి వస్తానంది. సోమవారం నుంచి పని. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. శనివారం వచ్చేటప్పుడు చూశాను, మూలన పక్కామె గిన్నె మీద ఒక గోనె ఉంది. ఆదివారం సెలవు. అంటే ఆ మందు రెండు రాత్రులు అలాగే కాగుతుంది.

ఆదివారాల్లో కోవిల్‌పట్టిలో రిటైరైన ఒక నర్సమ్మ తన ఇంట్లో బుద్ధుడి మాటలు తమిళంలో చెబుతుంది. నిద్ర పట్టక నేనూ అక్కడికి పోతుండేదాన్ని. ఆ రోజు, జరిగేదంతా ఎప్పటి పాపమో అనుకుంటే, ఇది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు అనేదానికే చోటుండదు, అలాంటి నమ్మకాన్ని బుద్ధుడు విడవమన్నాడని చెప్పింది. మరి తప్పు చేసి కుమిలేవాళ్ళ మాటేమిటని అడిగాను. కుమిలితే చేసింది చెరగదు, ఒప్పుకుని మళ్ళీ జరగకుండా చూడాలి, ఊరికే కుమలడం దాక్కోవడమే అంది. నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళ నా ఏడుపుని పూచికపుల్లలా తీసి పారేసింది! బస్సెక్కాక కోపం దిగి భయం పట్టుకుంది.

తిన్నగా వదిన ఇంటికే పోయాను. కూతురు మరునాటికి టిఫిన్ డబ్బా కడుగుతోంది. నిలబడే చెప్పేశాను.

"ఆ గిన్నె నాది వదినా. ఇప్పుడూ ఒకటి వుండాది ఆడ. బిడ్డని పంపొద్దు."

"ఏ జన్మలో ఎవుర్ని కాల్చినానో అని శుక్రవారం శుక్రవారం పస్తుంటిని. నీకు తెలిసీ చూస్తా వుంటివి గదా" అంది వదిన. నేను ఏడవబోయాను. "ఏడుపు నాకొద్దు. ఆ గోనె కప్పినామె ఇంటికి పో."

పోయాను. తాళం. శ్రీవిల్లిపుత్తూరులో చుట్టాలింటికి పోయిందట, పొద్దున అటునుంచి అటే ఆపీసుకి వస్తుందట. ఫోను ఎత్తలేదు.

సోమవారం మొదటి బస్సుకే పోయి ఆపీసు గేటు ముందు నిలబడ్డాను. ఆమె రాగానే చెయ్యి పట్టుకుని, ఫోర్‌మేన్ ముందే, అందరి ముందే, కింద మందు కాగుతుంటుంది, ఆ గోనె ఎత్తొద్దని చెప్పాను. మా వదినని కాల్చిన గిన్నె నాదని కూడా చెప్పాను. ఆమె నవ్వింది.

"పోనీలే అక్కా. రాసి వుంటే ఇంట్లో కూచున్నా వస్తుంది" అని చెయ్యి విడిపించుకుని లోపలికి అడుగేసింది.

నేను మళ్ళీ పట్టుకున్నాను.